పరంజ్యోతి సారు నోట మిగిలిన మాట

షాలిని నంద్యాలలో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లి వస్తుంది. వీధిలో ఆ చదువంటే ఎవరికీ పెద్ద లెక్కలేదు.

"కాళ్లు పిసికేదానికి గూడా కాలేజీ ఉంటాదా పాపా?" అని అడిగేవాళ్లు.

మొదట్లో ఓపిగ్గా వివరించేది. తర్వాత్తర్వాత "ఉంటాది. పరీక్షలో మెడ తిప్పమంటారు. మీ మెడ ఇస్తారా?" అనడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలో పక్కింటి పరంజ్యోతి సారుకు పక్షవాతం వచ్చింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలో సంఘపెద్ద. ఎవరినీ గట్టిగా కసురుకోని మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటంతా పోయి, కొన్నాళ్లకు ఒకే ఒక్కటి తిరిగొచ్చింది.

"దొంగనాకొడకా!"

నీళ్లు కావాలన్నా అదే, ఫ్యాను వెయ్యాలన్నా అదే. చూడొచ్చిన డాక్టరుకూ అదే, పాలు పోసే ఆమెకూ అదే. భార్య లూదియా సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరొచ్చినా "ప్రార్థనలో ఉండాడు" అని గుమ్మంలోంచే పంపేసేది. లోపలి నుంచి ఆ ప్రార్థన స్పష్టంగా వినిపించేది.

కసరత్తు చేయించకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు బెదిరించాక, లూదియా షాలినిని పిలిచి గొంతు తగ్గించింది.

"ఆయనేమన్నా అంటే మనసులో పెట్టుకోవాకు."

"మా కాలేజీలో ఇంతకంటే ఘోరంగా తిడ్తారులే ఆంటీ."

షాలిని ఆయన కాలు పట్టుకుని పైకి లేపింది.

"దొంగనాకొడకా!"

"నొప్పా సారూ, మెచ్చుకోలా?"

ఆయన ఎడమ పెదవి వంకరగా నవ్వింది.

మాట పోయినవాళ్లకు ఒక్కోసారి తిట్లు, పాటలు మిగులుతాయని షాలిని క్లాసులో విన్నది. ఆయన లేచి నిలబడగలిగాక, అడుగులకు తాళంగా ఉంటుందని చర్చిలో పాడే ఒక కీర్తన ఎత్తుకుంది. రెండో చరణానికి ఆయన గొంతు కలిపాడు. ఒక్క మాట తప్పలేదు. వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చిన లూదియా అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఏమండీ, మాట వచ్చిందా?"

పాట ముగించి ఆయన ఆమె వైపు ప్రేమగా చూశాడు. "దొంగనాకొడకా."

ఆదివారం ఆయన కర్ర తీసుకుని చర్చి వైపు చూపించాడు. లూదియా అడ్డం నిలబడింది.

"అంతమందిలో ఆ మాటంటే నేను తల యాడ పెట్టుకోవాల?"

"మాట లేదని కాలు గూడా పోగొడ్తామా ఆంటీ? దోవ ఇడువు" అంది షాలిని.

చర్చిలో ఆయన అందరికంటే పెద్దగా పాడాడు. పాటయ్యాక పాస్టరు యెషయా సంతోషం పట్టలేక, మైకు చేత్తో పట్టుకునే దిగివచ్చాడు.

"ఎట్లుండారు సారూ?"

సారు చెప్పాడు. మైకులో. బజారు దాకా వినిపించింది.

లూదియా కొంగు ముఖం మీదికి లాక్కుంది. షాలిని కింద పరిచిన చాపను పరిశోధించసాగింది. పాస్టరు జనం వైపు తిరిగాడు.

"ఈ మాట నన్ను అనాలని మీలో శానామందికి ఉంటాది. సారుకే ధైర్యమొచ్చింది."

చర్చి అంతా గొల్లున నవ్వింది. కొంగు చాటున లూదియా భుజాలు కూడా కదిలాయి. బయట ఆటోవాడు పిలిస్తే సారు కర్రతో వాణ్ని పక్కకు తప్పించి, షాలిని కుడివైపు ఆసరాగా పట్టుకోగా ఇంటిదాకా నడిచాడు.

వానలు మొదలయ్యేసరికి "నీళ్లు" వచ్చింది. తర్వాత "కాఫీ". మూడో మాట "లూదియా".

"కాఫీ తర్వాతనా నేను?" అని ఆమె అలిగి, ఆ పూట ఆయనకు కాఫీ పెట్టలేదు.