నాలుగు వేళ్ల తేడా

మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీదుగా పొర్లిన ఏడాది అది. ఆ నీళ్లు తగ్గిన వారానికి నన్ను అట్టపెట్టెలోంచి బయటికి తీశారు.

నేను ఒక చేతి గడియారాన్ని. గోల్ఫ్ ఆడేవాళ్లు పెట్టుకునే రకం. టైము చెప్పడం నాకు చిన్న పని. అసలు పని దూరం చెప్పడం. బంతి పడ్డచోట నిలబడి నా వంక చూస్తే, జెండా పాతిన పచ్చిక ఇంకా ఎంత దూరముందో చెబుతాను. ఆ పచ్చికను గ్రీన్ అంటారు.

ఎక్కడ పుట్టానో సరిగా తెలియదు. తెల్లటి గది, తెల్లటి దీపాలు. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి బొటనవేలితో నా అద్దాన్ని నొక్కి కూర్చోబెట్టింది. ఆమె జన్మలో గోల్ఫ్ చూసి ఉండదు. తర్వాత నా కడుపులో దేశదేశాల గోల్ఫ్ మైదానాలన్నీ పోశారు. వేల మైదానాలు. వాటి ఇసుక గుంటలు, నీటి మడుగులు, మలుపులు, అన్నీ. కాని ఒక్క వీధి లేదు, ఒక్క ఇల్లు లేదు. మైదానం గోడ దాటితే నేను ఉత్త గడియారాన్నే.

నా తలపైన ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కంటికి ఆనవు. అవి పంపే సంకేతాలు పట్టుకుని నేనెక్కడున్నానో లెక్క కట్టుకుంటాను. అంత ఎత్తున తిరిగేవాటికి, ఒక మనిషి మణికట్టుకు మధ్య ఈ మాట నడవడం నాకు ఇప్పటికీ వింతే. ఇంత ఏర్పాటూ దేనికయ్యా అంటే, ఒక పెద్దమనిషి నూట నలభై అని తెలుసుకుని, తెలుసుకున్నాక బంతిని మడుగులో వేయడానికి.

నన్ను కొన్నది కోదండపాణి సార్. కాలవలు, ఆనకట్టలు కట్టించి రిటైరైన ఇంజినీరు. హైదరాబాదు పడమటి రాళ్లగుట్టల మధ్య ఆయన ఆడే మైదానం. ఆయన ఆటకర్రల సంచి మోసే మనిషి బుచ్చయ్య. అలా మోసేవాళ్లను క్యాడీలంటారు. బుచ్చయ్యకు నలభై ఏళ్లుగా అదే పని. చదువు మూడో తరగతి. మాట చాలా తక్కువ. ఏం చెప్పినా "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలో రకాలుండేవి. వాటిని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటిరోజు సార్ నన్ను చూపిస్తూ అడిగారు.

"బుచ్చయ్యా, ఎంతుంటుంది?"

బుచ్చయ్య జెండా వైపు చూశాడు. కళ్లు చిన్నవి చేయలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. ఊరికే చూశాడు.

"నూట ముప్పయ్యారు సార్."

"గడియారం నూట నలభై మూడంటోంది."

"జెండా ఇయ్యాల ముంగట పాతిండ్రు."

నేను చెప్పింది గ్రీన్ నడిమికి దూరం. జెండాను రోజుకో చోట పాతుతారు. ఆ సంగతి ఉపగ్రహాలకు తెలియదు. బుచ్చయ్యకు తెలుసు. సార్ నూట ముప్పయ్యారుకే కొట్టారు. బంతి జెండాకు మూడడుగుల్లో ఆగింది. ఆ రోజు నుంచి బుచ్చయ్య కళ్లంటే నాకు భయం, భక్తి.

మరుసటి ఏడాది డాక్టరు గట్టిగా చెబితే సార్ ఇంకో గడియారం కొన్నారు. అది పరుగు గడియారం. నేను ఎడమ చేతికి, వాడు కుడి చేతికి. సార్ స్నేహితులు ఊరుకుంటారా. "ఏమయ్యా కోదండపాణీ, ఎడమ చేతికో టైము, కుడి చేతికో టైమూనా? భోజనం ఏ చేతి ప్రకారం చేస్తున్నావు?" అని ఆటపట్టించారు.

వాడు నాకంటే పలచన. పొట్ట కింద రెండు పచ్చ దీపాలు. వాటితో చర్మం కింద నెత్తురు పారడం చూస్తాడు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతాడు. మొదట నాకు వాడంటే చులకన. కూరగాయల బజారుకు వెళ్లినా లెక్కపెడతాడు, బస్సు కోసం ఉరికినా లెక్కపెడతాడు. ఒక చోటని లేదు, ఒక పద్ధతని లేదు. తర్వాత్తర్వాత అర్థమైంది. ఇంకా ఎంత ఉందో నేను చెబుతాను. ఎంత అయిందో వాడు చెబుతాడు. నా అంకె తగ్గుతుంది, వాడిది పెరుగుతుంది. నాకు నేల తెలుసు. వాడికి మనిషి తెలుసు. సార్ బంతి మడుగులో పడినప్పుడు ఆయన గుండె ఎగిరి దూకడం వాడు చూశాడు. అదే మనిషి చేతిని అంటిపెట్టుకుని ఉన్నా నాకు మడుగు అవతలి గట్టు ఎంత దూరమో తప్ప మరేం తెలియలేదు.

వరద తర్వాత రెండో వానాకాలంలో సార్‌కు నడుము ఆపరేషన్ అయింది. ఇక ఆట వద్దన్నారు. ఆయన నన్ను తీసి బుచ్చయ్య చేతికి కట్టారు.

"నాకిక దూరం చూసే పని లేదు బుచ్చయ్యా. నడిచే పనే మిగిలింది."

"ఊఁ," అన్నాడు బుచ్చయ్య. అది కష్టమైన ఊఁ.

తోటి క్యాడీలు వదల్లేదు. "బుచ్చన్నా, కండ్లు పోయినయా ఏంది, గడియారం పెట్టినవ్?" బుచ్చయ్య సంచి ఎత్తుకుని నడిచాడు. నా వంక చూడనూ లేదు. రెండు నెలలు ఆయన చేతికి నేను ఒక కట్టులా ఉండిపోయాను. నాకు చిన్నతనం అనిపించలేదు. ఆ కళ్లున్న మనిషికి నేనెందుకు?

ఆయన నన్ను చూడాల్సి వచ్చింది మనవరాలి కోసం. పేరు నవనీత. స్వీట్ల దుకాణంలో పని. పోలీసు ఉద్యోగానికి పెట్టిన మొదటి పరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు. ఎనిమిది వందల మీటర్లు, ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. పిలిచేనాటికి ఆ పిల్లకు వయసు దాటిపోతుంది. అంటే ఈ ఒక్కసారే.

దగ్గరలో మైదానం లేదు. ఆటగాళ్లు రాకముందే, తెల్లారుతుండగా నాలుగో హోల్ అనే నాలుగో జెండా దారి పక్క గడ్డిలో ఉరకడానికి బుచ్చయ్య అనుమతి అడిగాడు. నలభై ఏళ్లలో ఆయన క్లబ్బువాళ్లను అడిగింది అదొక్కటే. కాదనలేకపోయారు.

అప్పుడు నన్ను చూశాడు. జెండాకైతే కన్ను చాలు, సర్కారు పరీక్షకు కంటి లెక్క పనికిరాదనుకున్నాడు. నడిమితో పాటు గ్రీన్ అంచు దూరమూ నేను చూపిస్తాను. ఆ అంచు నాలుగు వందలని నేను చూపించేదాకా వెనక్కి నడిచి, అక్కడ ముగ్గుపిండితో గీత పోశాడు. ఆ అంచు తాకి వెనక్కి వస్తే ఎనిమిది వందలు. నవనీత ఫోనులో టైము చూసుకునేది. దూరం సంగతి ఎవరినీ అడగలేదు. ఆ ఇంట్లో దూరమంటే తాతే.

నా అంకె పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అంకె గజాల్లోనా, మీటర్లలోనా అని అది చెబుతుంది. గోల్ఫ్ లెక్క గజాల్లో. బుచ్చయ్య ఆ అక్షరాన్ని చూశాడు. అందరూ చూస్తారు. బట్టల దుకాణంలో ఒకప్పుడు గజం అనేవారు, తర్వాత మీటరు అన్నారు. పేరు మారిందనుకున్నాడు ఆయన. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

నాలుగు నెలలు ఉరికింది. మొదట ఆరు నిమిషాలు దాటేది. తర్వాత ఐదు నలభై. చలి మొదలయ్యేసరికి ఐదు నిమిషాల ఆరు సెకన్లకు వచ్చింది.

"తాతా, పద్నాలుగు సెకన్లు ముందే వచ్చిన. పోలీసోళ్లు నన్ను పట్టుకునుడు కష్టమే."

"ఊఁ." అంత మెత్తటి ఊఁ నేనెన్నడూ వినలేదు.

ఇంకా తొమ్మిది రోజులుందనగా కోదండపాణి సార్ చేతికర్రతో నడుస్తూ అటు వచ్చారు. తన పరుగు గడియారం తీసి నవనీతకు పెట్టారు. "గుండె ఎలా ఉందో చూద్దామమ్మా. ఒకసారి పరిగెత్తు."

ఉరికి వచ్చింది. సార్ చూసి కనుబొమలు ముడిచారు.

"ఇది ఏడు వందల ముప్పయ్యే అంటోంది."

"గడియారం తప్పు సార్," అన్నాడు బుచ్చయ్య.

సార్ ఆయన చెయ్యి పట్టుకుని నా మీదికి వంగారు. చాలాసేపు చూశారు.

"బుచ్చయ్యా, ఇవి గజాలు."

"గజమంటే మీటరే కద సార్."

 సార్ కర్రను నేలమీద పడుకోబెట్టారు. "నా కర్ర సరిగ్గా గజం. మీటరుకు ఇంకా నాలుగు వేళ్లు కావాలి." కర్ర కొసన తన నాలుగు వేళ్లు ఆనించి చూపించారు. "ఇలాంటి నాలుగు వేళ్లు ఎనిమిది వందలసార్లు. డెబ్బై మీటర్లకు కాస్త తక్కువ. ఈ లెక్కన అమ్మాయికి పట్టేది ఐదు ముప్పై అయిదు."

బుచ్చయ్య గడ్డిలో కూర్చున్నాడు. ఆటస్థలంలో క్యాడీ కూర్చోకూడదు. నలభై ఏళ్లలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"నాదే తప్పు బిడ్డా," అన్నాడు.

నవనీత నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. ముఖంలో కోపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"గజాల్ల బతికినవ్, నన్ను గూడ గజాల్లనే ఉరికించినవ్. ఎవరన్న వింటే నవ్వుతరు." ముఖం పక్కకు తిప్పుకుంది. ముంజేత్తో చెమట తుడుచుకుంది. "తొమ్మిది రోజులున్నయి గద. లే తాతా. గీత ఏడ గియ్యాల్నో చెప్పు."

బుచ్చయ్య లేచాడు. వంగి కర్ర కొసన తన నాలుగు వేళ్లు పెట్టి చూసుకున్నాడు. నా వంక చూడలేదు. గ్రీన్ వైపు చూశాడు, ఎప్పటిలాగే ఊరికే. తర్వాత పాత గీత దాటి వెనక్కి నడిచి, ఒకచోట ఆగాడు.

"ఈడ."

సార్ వచ్చి నా బొత్తాలు నొక్కి నన్ను గజాల నుంచి మీటర్లకు మార్చారు. నేను చూపించింది మూడు వందల తొంభై తొమ్మిది.

  నలభై ఏళ్లు ఒకే కొలతలో పాతుకుపోయిన కన్ను, నాలుగు వేళ్లు చూసి, ఒక్క ఊపిరిలో ఇంకో కొలత నేర్చుకుంది. నన్ను మార్చడానికి అయిదు బొత్తాలు నొక్కాల్సి వచ్చింది. బుచ్చయ్య ఒక అడుగు వెనక్కి వేసి గీత పోశాడు.

మర్నాటి నుంచి నేనూ పరుగు గడియారమూ ఇద్దరం పనిలో దిగాం. నేను నేల చూసుకున్నాను, వాడు పిల్లను చూసుకున్నాడు. మొదటి సగంలోనే ఆమె గుండె నూట తొంభైకి ఎగబాకుతోందని వాడు పట్టాడు. సార్ చదివి చెప్పారు. "ముందే ఖర్చయిపోతున్నావమ్మా. పోయేటప్పుడు బిగబట్టు, వచ్చేటప్పుడు వదులు." ఐదు ముప్పై నాలుగు. ఐదు ఇరవై తొమ్మిది. ఎనిమిదో రోజున ఐదు ఇరవై నాలుగు. ఇంకా నాలుగు సెకన్లు ఎక్కువే.

"అక్కడ నేల గట్టిగా ఉంటుంది, గడ్డిలా కాలు లాగదు," అన్నారు సార్.

"ఊఁ," అన్నాడు బుచ్చయ్య. అది నమ్మని ఊఁ.

పరుగు రోజున ఆయన నన్ను పెట్టుకునే వెళ్లాడు. పోలీసు మైదానం నా కడుపులో లేదు. లోపలికి అమ్మాయిలనే పంపారు. పెద్దవాళ్లంతా గేటు బయట నిలబడ్డారు. ఏ గుంపు ఎప్పుడు ఉరుకుతుందో తెలియదు. ఒక్కో ఈల వినబడ్డప్పుడల్లా బుచ్చయ్య నా వంక చూసి, ఐదు నిమిషాల ఇరవై సెకన్లు లెక్కపెట్టాడు. పదకొండు ఈలలకు పదకొండుసార్లు. మధ్యలో ఎవరో మంచినీళ్లు ఇస్తే, పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

నవనీత గేటులోంచి వచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ము. చెప్పులు చేతిలో ఉన్నాయి.

"ఐదు పదిహేడు తాతా."

ఆయన రెండడుగులు ముందుకు వేశాడు.

"మీటర్లేనా?"

ఆ పిల్ల నవ్వుతూ నవ్వుతూ అక్కడే నేల మీద కూలబడింది. నవ్వు కాస్తా ఏడుపయింది. బుచ్చయ్య ఆమె చేతిలోంచి చెప్పులు తీసుకుని పట్టుకున్నాడు.

మర్నాడు నవనీత నిద్రపోతోంది. బుచ్చయ్య మాత్రం ఎప్పటి వేళకే లేచి మైదానానికి వచ్చాడు. తూరుపు ఇంకా సరిగా తెల్లబడలేదు. నాలుగో హోల్ పక్కకు వెళ్లి గీత దగ్గర నిలబడ్డాడు. మంచులో జెండా కనపడీ కనపడకుండా ఉంది. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ప్యాంటు మడిచాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

ఉరికాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. నలభై ఏళ్లు ఈ నేలమీద సంచి మోసుకుంటూ నడిచాడే తప్ప ఎన్నడూ ఉరకలేదు. నా అంకె మూడు వందల ఎనభై, మూడు వందల నలభై, మూడు వందలు అని పడిపోతోంది. ఆయన చేతి మీద నా అంకె అంత వేగంగా పడటం నేనెప్పుడూ చూడలేదు. సగం దూరంలో ఆగి రొప్పాడు, నడిచాడు, మళ్లీ ఉరికాడు. నా పొట్ట కింద పచ్చ దీపాలు లేవు. అయినా పట్టీ బిగువులోంచి ఆయన నాడి నన్ను తడుతోంది. ఒకటి, ఒకటి, ఒకటి. గుండె అంటే ఇదన్నమాట అనుకున్నాను.

గ్రీన్ అంచుకు చేరి వంగాడు. చేత్తో గడ్డిని తాకాడు. మోకాళ్లు పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. అప్పుడు నేను సున్నా చూపిస్తున్నాను.

వెనక్కి తిరిగి, గీత వైపు మళ్లీ ఉరకడం మొదలుపెట్టాడు. నా అంకె పెరగసాగింది.