నడక మందు

"నడిచొచ్చినదానివి, నాలుగు గిన్నెలు తోమలేవా?" అన్నారు అత్తగారు, కోడలు చెప్పులింకా విప్పకముందే.

తోమగలదు. అదే వచ్చిన చిక్కు. తోముతుంది, పొయ్యి తుడుస్తుంది, తడిబట్టల బకెట్టు మేడెక్కిస్తుంది. మర్నాడు దుప్పటి తొలగించే సత్తువ కూడా లేక మంచానికి అతుక్కుపోతుంది. జ్వరం లేదు, దెబ్బ లేదు, నలుగురికీ చూపించడానికి ఏమీ లేదు. డాక్టరు దీర్ఘకాలిక అలసట జబ్బన్నాడు. భర్త మాత్రం 'మంచం మహారాణి' అని పేరు పెట్టి, చుట్టాల ముందు కూడా అలాగే పిలిచి నవ్వుతాడు. ఆ నవ్వుకి ఆమెకు ఒళ్లు మండుతుంది. మండడానికి కూడా ఓపిక ఉండాలిగా.

వ్యాయామమే మందని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. మొదటిరోజు ఆవిడ, "ఇప్పుడు రోజంతా ఎంత శ్రమ పడుతున్నారో చెప్పండి, దానిమీద కొద్దికొద్దిగా పెంచుదాం" అంది. భర్త అందుకుని, "శ్రమేముందండీ, ఇంట్లోనేగా ఉంటుంది" అన్నాడు. ఆమె కాదనలేదు. విచిత్రమేమిటంటే, ఆ క్షణాన ఆమెకూ ఏదీ గుర్తు రాలేదు. గిన్నెలూ బట్టలూ ఎవరైనా శ్రమని చెప్పుకుంటారా? అలా సున్నా మీద మొదలైన నడక, మూలిగే నక్క మీద తాటిపండులా చాకిరీ మీద వచ్చి పడింది. వారం వారం నడక పెరిగింది, మనిషి తరిగింది. నిన్న మెట్ల మధ్యలో కాళ్లు మొరాయించి, బకెట్టుతో సహా కూలబడింది. ఇంకోసారి పడితే ఇక లేవనేమోనని నిజంగా భయపడింది.

ఇవాళ థెరపిస్టు ఆమె ముఖం చూసి, "నడక తగ్గిద్దామా?" అంది.

"తగ్గించడమెందుకండీ, పెంచండి. బద్ధకం వదలాలిగా," అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా.

"మొదటిరోజు మీకు తప్పు చెప్పామండీ," అంది ఆమె. "నలుగురికి వంట, అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం. అవన్నీ చేస్తూనే మీరు చెప్పిన నడక నడుస్తున్నాను."

థెరపిస్టు రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "మరి ముందే చెప్పాల్సిందండీ. ఇంత భారం మీ ఒంటికి ప్రమాదం. నడక పూర్తిగా ఆపేయండి."

"అదీ మంచిదే," అన్నాడు భర్త లేస్తూ. "నడక లేకపోతే ఇంట్లో పని తొందరగా తెములుతుంది. పద, అమ్మకి భోజనం వేళయింది."

ఆమె లేవలేదు. వీధి మలుపు దాకా ఒంటరిగా నడిచే ఆ కాసేపే రోజంతటిలో ఆమెది. అక్కడ ఎవరూ కేకేసి పిలవరు. అదొక్కటే అందరికీ అడ్డమైంది.

"నడక కొంచెం తగ్గించి ఉంచండి," అంది థెరపిస్టుతో. "నేను మానేసేది ఇంటిపని."