రెండో బ్రేకు

డ్రైవింగ్ నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఈ కథలో జరిగిన రభసంతా ఆ రెండోదాని వల్లే.

దాని మీద కాలు పెట్టుకునే మేడమ్ సగం ఊరికి కారు నేర్పింది. ఏం లాభం? నేర్చుకున్నన్నాళ్ళూ భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఇంట్లో తగువులూ, చాటుమాటు ప్రేమలూ పూసగుచ్చినట్టు చెప్పుకుంటారు. లైసెన్సు చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆవిడెవరో, తామెవరో. సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగినా అద్దం దించే పాపాన పోరు.

మేడమ్ మొగుడితో తెగతెంపులై చాలా కాలమైంది. పిల్లల్లేరు. సాయంత్రం గదికెళ్ళి, ఒక్క మనిషికి సరిపడా వండుకుని, టీవీ పెట్టుకుని తింటుంది. దాన్ని చూస్తుందనుకునేరు, చూడదు. గదిలో ఇంకో గొంతు వినబడాలి కదా, అందుకు. తోబుట్టువులు కూడా లేకపోవడంతో ఆవిణ్ణి పిన్నీ అనో అత్తా అనో పిలిచేవాళ్ళే లేకుండా పోయారు.

అలాంటి మనిషి దగ్గరకు ఓ కాలేజీ కుర్రాడు నేర్చుకోవడానికొచ్చాడు. తల బాగా వంచితే గానీ కారులో పట్టడు. స్నేహితులంతా వాణ్ణి నిచ్చెన అంటారు. మొదటి రోజే మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోయి వైపర్లు తిప్పాడు. మేడమ్ నాలుగు చీవాట్లు పెట్టింది.

"సరే పిన్నీ, ఇంక తిట్టకు," అన్నాడు వాడు. అని నాలుక కరుచుకున్నాడు. "సారీ. అచ్చం మా పిన్నిలాగే తిట్టారు, నోరు జారింది."

"నోరు జారితే జారింది గానీ, క్లచ్ మీద కాలు జారనివ్వకు," అంది మేడమ్.

ఆ రోజుకదే మాట. మర్నాడు కూడా వాడు పిన్నీ అనే పిలిచాడు, నువ్వు అనే అన్నాడు. ఆవిడ వద్దనలేదు. ఎందుకంటుంది? ఆ పిలుపుకి కడుపు నిండిపోయింది ఆవిడకి. వాడి క్లాసు ఉన్న రోజు పొద్దున్నే ఇస్త్రీ చీర తీసేది.

ఓ మధ్యాహ్నం వాడు కారెక్కి తలుపేయగానే బీరు వాసన గుప్పుమంది.

"ఒక్కటే పిన్నీ. ఫ్రెండ్ పుట్టినరోజు. నన్ను చూడు, ఏమన్నా తేడా ఉందా?"

ఇంకెవరైనా అయితే మెడ పట్టుకుని దింపేసేది. గతంలో దింపింది కూడా. వీణ్ణి దింపడానికి మాత్రం చెయ్యి రాలేదు. చిన్నబుచ్చుకుని రేపట్నుంచి మానేస్తే? వచ్చినా మేడమ్ అంటూ దూరం జరిగితే? నా కాలి కింద బ్రేకుందిగా, ఏం కొంప మునగదులే అనుకుంది. మహా తెలివి.

వాళ్ళ వృత్తిలో ఓ పద్ధతుంది. పక్క సీటు బ్రేకు తొక్కితే, గట్టిగా తొక్కాలి. కుదుపు తెలియాలి. "ఇప్పుడు ఆపింది నేను, నువ్వు కాదు" అని మొహం మీదే చెప్పాలి. మేడమ్ ఆ రోజు అలా చేయలేదు. వాడు ఆలస్యం చేసిన ప్రతిచోటా, పసిపాపకి జోకొట్టినంత మెత్తగా తొక్కుతూ పోయింది. కారు తానే ఆపుతున్నాననుకున్నాడు పిచ్చివెధవ.

"అదరగొట్టాను కదా?" అన్నాడు దిగుతూ.

"బాగానే నడిపావు," అంది.

ఆ తర్వాత కూడా ఒకట్రెండు సార్లు అలాగే వచ్చాడు, అలాగే మెత్తగా తొక్కింది, బాగానే నడిపావనే అంది. వాడికి లైసెన్సొచ్చింది. విచిత్రం ఏమిటంటే, వచ్చాక కూడా ఫోన్ చేశాడు. తిన్నావా పిన్నీ అని అడిగాడు. ఇన్నేళ్ళలో లైసెన్సొచ్చాక ఫోన్ చేసింది వాడొక్కడే.

కొన్నాళ్ళకి వాడి కాలేజీలోనే, తాగి బండి నడపొద్దంటూ విద్యార్థులకు ఓ కార్యక్రమం పెట్టారు. పొద్దున హాల్లో ఓ పోలీసు అధికారి ప్రసంగం, మధ్యాహ్నం మైదానంలో మేడమ్ కారు. తాగినవాళ్ళలా చూపు చెదిరిపోయే కళ్ళద్దాలు పెట్టుకుని పిల్లలు దాన్ని ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముల మధ్య నడపాలి. పిల్లలు పడీపడీ నవ్వారు, ఫోటోలు దిగారు, వెళ్ళిపోయారు. మేడమ్ ఒక్కతీ డ్రమ్ములు సర్దబోతుంటే నిచ్చెన వచ్చాడు. వెనక ఇద్దరు స్నేహితులు, ఓ క్లాస్‌మేట్ అమ్మాయి. వాడి వేలి మీద వాళ్ళ నాన్న కారు తాళాలు తిరుగుతున్నాయి. దగ్గరకొచ్చేసరికి అదే వాసన, ఈసారి ఇంకా ఘాటుగా.

"సినిమాకి పోతున్నాం పిన్నీ. ఇదేమో భయపడి చస్తోంది," అన్నాడు అమ్మాయిని చూపిస్తూ.

"బస్సులో పోదామన్నాను, అంతే," అందా పిల్ల.

"తాగితే నాకు చెయ్యి ఇంకా కుదురుతుందే. కావాలంటే పిన్నినడుగు, సాక్ష్యం ఆవిడే. చెప్పు పిన్నీ, బీరు తాగొచ్చి నీ కారు నడిపానా లేదా? ఒక్కసారైనా వంక పెట్టావా?"

అందరూ ఆవిడ వైపు చూశారు. మేడమ్‌కి అప్పుడర్థమైంది. తను మెత్తగా తొక్కిన ప్రతి బ్రేకూ వీడి తలలో గర్వమై కూర్చుంది. ఇప్పుడు ఆ గర్వం మీద నలుగురు ఎక్కబోతున్నారు. నోరు విప్పితే వాడు పోతాడు, విప్పకపోతే నలుగురూ పోతారు.

"మాటలు పొద్దుట్నుంచీ చాలానే విన్నారు," అంది. "ఎక్కు. నా కారే నడుపు. ఆ చివరి డ్రమ్ము ముందు ఆపు చాలు."

వాడు హుషారుగా ఎక్కాడు. మేడమ్ పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని సీట్లో బాసింపట్టు వేసుకుంది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్రేకు మీద ఉంచింది.

"అదేం కూర్చోవడం పిన్నీ, భోజనానికి కూర్చున్నట్టు?"

"నా కాళ్ళు, నా సీటు. పోనీ."

వాడు ఊపుగా పోనిచ్చాడు. మలుపు తిరిగాడు. డ్రమ్ములు దగ్గరికొస్తున్నాయి, కారు వేగం తగ్గలేదు. వాడి మొహంలో చిన్న ఆశ్చర్యం, అంతే. కాలు బ్రేకు వెతుక్కునేలోపు మొదటి డ్రమ్ము ఎగిరింది, రెండోది చక్రం కింద పడి నలిగింది. మేడమ్ హ్యాండ్‌బ్రేకు లాగింది. కారు కీచుమంటూ అడ్డంగా తిరిగి ఆగింది.

"ఏదో పాడైంది పిన్నీ," అన్నాడు రొప్పుతూ. "ఎప్పుడూ ఇలాంటి చోట కారు దానంతటదే కొంచెం తగ్గుతుంది కదా."

"ఏ కారూ దానంతటది తగ్గదురా."

వాడు ఆవిడ కాళ్ళ వైపు చూశాడు. సీటు మీద ముడుచుకుని ఉన్న కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"అంటే అప్పుడంతా..."

"నేనే తొక్కాను. తాగొచ్చిన ప్రతిసారీ."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ రావేమోనని. పిన్నీ అని పిలిచేవాళ్ళు నాకింకెవరూ లేరురా. అందుకని అబద్ధమాడాను."

వాడు స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోయిన వారం మా చెల్లిని వెనక కూర్చోబెట్టుకుని నడిపాను, తాగి," అన్నాడు. "బాగా నడుపుతానని మీరు చెప్పారు కదా అని."

మీరు అన్నాడు. నిజమే చెప్పాడు వాడు.

వాడు దిగి, వాళ్ళ నాన్న కారు దగ్గరకెళ్ళి, తాళం సరిగ్గా పడిందో లేదో చూసుకుని, తాళాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. స్నేహితులు ఏదో అనబోతే విననట్టు గేటు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మిగతావాళ్ళూ వాడి వెనకాలే వెళ్ళారు. మేడమ్ ఒక్కతే వంగి వంగి డ్రమ్ములేరుకుంది, నలిగినదాన్ని కూడా డిక్కీలో కుక్కింది.

కాలేజీ దాటి కొంచెం దూరం పోయాక బస్‌స్టాప్‌లో నిచ్చెన కనిపించాడు. అందరికంటే ఓ తలంత పొడుగు కదా, ఇట్టే తెలిసిపోతాడు. మేడమ్ కారు నెమ్మది చేసింది. వాడూ చూశాడు. చూసి, ఫోన్‌లోకి తల దించుకున్నాడు. ఇంతలో బస్సొచ్చింది. తోసుకుంటున్న జనంలో తల వంచుకుని ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ కారు పక్కకి తీసి ఆపేసింది. వాడిక ఫోన్ చేయడని తెలుసు. ఈ పూట మాత్రం కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉండి ఇల్లు చేరతాడనీ తెలుసు. బస్సు కదిలి వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చుని, కొంగుతో మొహం కప్పుకుని తనివితీరా ఏడ్చింది.