ఎడమ చేత్తో వేసిన బొమ్మలు

మైదాపిండిని నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద పెట్టాక చెయ్యి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. కాస్త ఏమరుపాటుగా ఉన్నా ఉండ కట్టేస్తుంది. ఉండలున్న జిగురు నాలుగేళ్ళ పిల్లల చేతికిస్తే కాగితం అంటుకోదు, ఆపైన ఏడుపులు. అందుకే ఆమె పొద్దున్నే అందరి కాఫీలూ అయ్యాక, ఒక పొయ్యి మీద కూర ఉడుకుతుంటే రెండో పొయ్యి మీద జిగురు తిప్పుతూ నిలబడింది.

"కూరలో ఉప్పు చూడ్డానికి తీరిక ఉండదు గానీ, జిగురుకి మాత్రం పావుగంట కాపలా కాస్తావు" అంది అత్తగారు వెనకనుంచి.

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. ఏ మాటని చెవి పక్కనుంచి పోనివ్వాలో తెలుసుకోవడం, పన్నెండేళ్ళ కాపురంలో ఆమె నేర్చిన పెద్ద చదువు. భోజనాల బల్ల మీద ఆ రోజు బడికి తీసుకెళ్ళాల్సిన సరంజామా అంతా పరిచి ఉంది: సగానికి కోసిన బంగాళాదుంపలు, ఉల్లిపొట్టు, సీసా మూతలు, అరిగిపోయిన టూత్‌బ్రష్‌లు, పాత డబ్బాలో కాఫీ డికాషను, గుడ్డలో చుట్టిన బొగ్గు ముక్కలు. స్నానం చేసి వచ్చిన భర్త వాటిని వేలి కొసతో పక్కకి జరిపి కూర్చున్నాడు. "అన్నం తినే బల్ల మీద అరిగిపోయిన బ్రష్‌లు. ఇది ఇల్లా, చెత్త ఏరేవాళ్ళ గోడౌనా?" అన్నాడు. అతను కసిరి చెప్పడు. నవ్వుతూనే చెబుతాడు. ఇంటికి ఎవరైనా వస్తే, "మా ఆవిడ ఉద్యోగమా? బొమ్మలేసుకుంటుంది, దానికి జీతం కూడా ఇస్తారు" అని నవ్వుతూనే పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. అందరికంటే ఎక్కువగా ఆమే నవ్వుతుంది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు, ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో అదే కథ.

బడిలో రంగుల పెట్టెలు లేక కాదు. ఉన్నాయి, పెద్ద మేడం గదిలో అద్దాల బీరువాలో, తాళం వేసి, చూడముచ్చటగా ఉన్నాయి. పిల్లలకిస్తే పాడుచేస్తారని ఆవిడ భయం. అందుకే ఆమె తన వంటింటినే సంచిలో వేసుకుని వెళ్తుంది. చాప పరిచి, ఇరవై రెండుమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, తెచ్చినవన్నీ మధ్యలో పోస్తుంది. మొదటి అరగంట ఎవరూ ఎవరికీ ఏదీ వెయ్యమని చెప్పకూడదు, అదొక్కటే షరతు. ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు, కాగితం మీద పామొచ్చు. ఒకడు ప్రతి వస్తువునీ ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఇంకొకతె బంగాళాదుంపని కాఫీలో ముంచి కాగితం మీద కాకుండా తన మోకాలి మీద ముద్రలు వేసుకుంటుంది. ఆ అరగంటా ఆమె ఎవరికీ భార్య కాదు, కోడలు కాదు. చాప అంచున కూర్చుని చూస్తుంటుంది. అంత సుఖం ఆమెకి రోజంతటిలో మరెక్కడా లేదు.

అయితే ఆ బడిలో ఇంకో ఆచారం ఉంది. దాన్ని టీచర్లు 'చెయ్యి వెయ్యడం' అంటారు. ఏడాది చివర పిల్లల బొమ్మలన్నీ గోడకి పెట్టి తల్లిదండ్రుల్ని పిలుస్తారు. నాలుగేళ్ళ పిల్ల చేసిన గోధుమరంగు మరకని చూసి మురిసిపోయే తల్లిదండ్రులు తక్కువ. కాబట్టి టీచర్లు ఆ బొమ్మలు ఇంటికి తీసుకెళ్ళి, దిద్ది, అవసరమైతే కొత్తగా వేసి, కింద పిల్లల పేరు రాసి తెస్తారు. ఈ విషయం బడిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఈ విద్యలో ఆమెని మించినవాళ్ళు లేరు. మిగతా టీచర్లు వేస్తే పెద్దవాళ్ళు వేసినట్టు పట్టుబడిపోతుంది. ఆమె ఎడమ చేత్తో వేస్తుంది. గీత వణుకుతుంది, సూర్యుడు ఒక పక్కకి ఒరుగుతాడు, ఇంటి తలుపు గోడ దాటిపోతుంది. ఏ తల్లి చూసినా తన బిడ్డ వేసిందనే అనుకుంటుంది. "మన బడి పరువంతా మీ ఎడమ చేతిలో ఉందమ్మా" అనేది పెద్ద మేడం. పన్నెండేళ్ళలో ఆమెని ఎవరైనా మెచ్చుకున్న మాట అదొక్కటే కావడం వల్ల, అందులో తప్పేముందో ఆమె ఎప్పుడూ వెతకలేదు.

ఆ ఏడాది తరగతిలో ఒక పిల్ల ఉండేది. బడిలో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఆ పిల్లకి నత్తగుల్ల అని పేరు పెట్టింది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, తల వాటి మధ్య దాచేసుకునేది. బడిలో చేరి ఎనిమిది నెలలైనా నోరు విప్పలేదు. చాప మధ్యలో ఏం పోసినా చెయ్యి చాపలేదు. ఆమె బలవంతపెట్టలేదు. రోజూ ఒక కాగితం ఆ పిల్ల ముందు పెట్టేది, బడి వదిలేటప్పుడు తెల్లగా ఉన్న ఆ కాగితాన్ని తీసి దాచేది.

బొగ్గు తెచ్చిన రోజున నత్తగుల్ల చెయ్యి చాపింది. ఒక ముక్క తీసుకుని కాగితం మూల నుంచి పామడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, తెల్లదనం ఎక్కడా మిగలకుండా పామింది. మధ్యలో కాగితం చిరిగింది. ఆ చిరుగు దగ్గర వేలు పెట్టి, అరగంట అలాగే కూర్చుంది. ఆమె మెల్లగా దగ్గరికి జరిగింది. ఏమిటని అడగలేదు. ఆ పిల్లే చెప్పింది.

"ఇది మంచం కింద. నాన్న అరిచినప్పుడు నేనిక్కడుంటా." చిరుగు చూపించింది. "ఇందులోంచి అమ్మ కాళ్ళు కనిపిస్తాయి."

ఆమె కాగితం మీదికి వంగి ఆ చిరుగు వైపు చూసింది. "చెప్పావు కదా, మంచి పని చేశావు" అని మాత్రం అనగలిగింది. ఆ పిల్ల రెండు చేతులూ సబ్బుతో కడిగి, గోళ్ళ సందుల్లో బొగ్గు తీసి, తుడిచింది. తల్లికి చెప్పాలనుకుంది. తల్లి బడికి రాదు, పిల్లని ఆటోలో పంపుతారు. ఫోన్ చేద్దామనుకుంది. ఎవరు ఎత్తుతారో, ఏమనుకుంటారో. కాగితం పట్టుకెళ్ళి పెద్ద మేడంకి చూపించింది.

"ఇది గోడకి పెడతారా?" అంది పెద్ద మేడం కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ. "ఇళ్ళలో సవాలక్ష ఉంటాయి, మనం తలదూర్చి చక్కదిద్దగలమా? వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళాలి. మీ చెయ్యి వెయ్యండి."

ఆమె తల ఊపి వచ్చేసింది. తల ఊపడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుంటే, భోజనాల బల్ల మీద బొమ్మలు పరుచుకుని కూర్చుంది. బల్లకి రంగు అంటితే భర్త మాటలు పడాలి. చేతికందిన కాగితాన్ని కింద వేసుకుంది. అది నత్తగుల్ల నల్ల కాగితం. తెలిసే వేసుకుంది, అది ఎలాగూ గోడకెక్కేది కాదు కదా అని సర్దిచెప్పుకుంది. దాని మీద పెట్టి, ఎడమ చేత్తో, ఒక ఇల్లు వేసింది. పక్కకి ఒరిగిన సూర్యుణ్ణి వేసింది. చేతులు పట్టుకున్న అమ్మ, నాన్న, మధ్యలో పాప. ముగ్గురికీ చెవుల దాకా నవ్వులు. కింద పిల్ల పేరు వంకరగా రాసింది. పని అయ్యాక జిగురూ రంగులూ పడి తడిసిన నల్ల కాగితాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి చేతులు దులుపుకుంది.

తల్లిదండ్రులు వచ్చే రోజు రానే వచ్చింది. హాలంతా ఫోన్లు పట్టుకున్న నాన్నలు, పిల్లల్ని చంకనెత్తుకున్న అమ్మలు. నత్తగుల్ల తల్లిని ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికె వేసుకున్న, సన్నటి మనిషి. తండ్రి ఇస్త్రీ బట్టల్లో, మర్యాదగా ఉన్నాడు. అందరినీ పలకరిస్తున్నాడు. బొమ్మ దగ్గరికి రాగానే అతని ముఖం వెలిగిపోయింది. ఫోటో తీసుకున్నాడు. టీచర్ పక్కనే ఉన్నా పట్టించుకోకుండా భార్య వైపు వంగి, నవ్వుతూనే అన్నాడు.

"పిల్ల భయపడుతోంది, మంచం కింద దూరుతోంది అని మీ అన్నయ్యకి ఫోన్లు చేశావుగా. భయపడే పిల్ల వేసే బొమ్మేనా ఇది? పంపిస్తున్నాను, ఆయన్నీ చూసుకోనీ."

తల్లి ఆ బొమ్మని చాలాసేపు చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. "నిజమేనేమో" అంది చివరికి. "నేనే లేనిపోనివి ఊహించుకున్నానేమో."

నత్తగుల్ల మాత్రం బొమ్మ వైపు చూడటం లేదు. టీచర్ వైపు చూస్తోంది.

ఎనిమిది నెలలు ఆగి ఆ పిల్ల ఒకే ఒక్క నిజం చెప్పింది. ఆ నిజాన్ని బల్ల మీద గుడ్డలా వాడి పారేసి, దాని స్థానంలో తను వేసిన అబద్ధం ఇప్పుడు ఆ తండ్రి చేతిలో సాక్ష్యమైంది. ఇంకొక్క నిమిషంలో అది అన్నగారి ఫోన్‌కి వెళ్ళిపోతుంది. ఆయన హమ్మయ్య అనుకుంటాడు. ఆ తర్వాత ఈ తల్లి ఎవరికి చెప్పుకున్నా ఎవరూ నమ్మరు. ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"ఆ బొమ్మ పాప వెయ్యలేదండీ" అంది. "నేను వేశాను."

తండ్రి వేలు ఫోన్ మీద ఆగింది. "కింద మా పాప పేరుంది కదా."

"పేరు కూడా నేనే రాశాను."

పెద్ద మేడం ఎక్కడినుంచో పరుగున వచ్చింది. "చిన్న చిన్న మెరుగులు దిద్దుతాం సార్, బొమ్మ మాత్రం పాపదే" అంది. తండ్రి నవ్వాడు. "అంతేగా, టీచర్లు ఆ మాత్రం సాయం చెయ్యరా ఏంటి." ఇద్దరూ కలిసి ఆమె తప్పుకోవడానికి దారి చూపించారు. ఎప్పటిలా తల ఊపితే చాలు.

ఆమె బొమ్మని గోడ మీదినుంచి తీసింది. వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి, సంచిలోంచి పెన్ను తీసి ఎడమ చేతిలోకి మార్చుకుంది. అందరూ చూస్తుండగా అదే ఇల్లు, అదే ఒరిగిన సూర్యుడు, అవే మూడు నవ్వులు వేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. వెనకనుంచి ఒక తల్లి మెల్లగా అడిగింది. "మరి మావాడి చేపో?"

"అదీ నాదేనండీ. క్షమించండి."

నత్తగుల్ల తల్లి ఇంకా ఆ కాగితాన్నే చూస్తోంది. "మరి మా పాప ఏం వేసింది?" అని అడిగింది. ఆమె ఆ తల్లి చెయ్యి పట్టుకుని, పిల్లతో సహా తరగతి గదిలోకి తీసుకెళ్ళింది. తండ్రి వెంట రాబోతే ఆయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "తడిబట్ట పెట్టాను బాబూ, కాసేపాగండి" అంది. గది పొడిగానే ఉంది.

ఆమె చాప మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. నల్ల కాగితం, మంచం కింద, చిరుగులోంచి కనిపించే కాళ్ళు. "నాకు చెప్పి మూడు వారాలైంది. మీకు చెప్పలేదు. ఆ కాగితం కూడా పారేశాను. తప్పు నాది." తల్లి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి ఫోన్ తీసి నంబరు నొక్కింది. "అన్నయ్యా, నువ్వొచ్చి తీసుకెళ్ళు" అంది. "బళ్ళోనే ఉంటాం. నువ్వొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలం."

అన్నగారు వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్ళేదాకా ఆమె వాళ్ళతో ఆ గదిలోనే కూర్చుంది. బయట మిగతా తల్లిదండ్రుల్ని సముదాయించలేక పెద్ద మేడంకి తల ప్రాణం తోకకి వస్తోంది. ఆమె ఇంటికి బయల్దేరుతుంటే మేడం ఆపి, "సోమవారం సంజాయిషీ రాసి పట్టుకురండి" అంది. ఆమె సరేనంది.

ఇంటికి వచ్చేసరికి కబురు తనకంటే ముందే చేరింది. "అంతా బాగానే ఉందని ఊరుకుంటే పోయేదానికి, నీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు భర్త. "ఉన్న ఒక్క ఉద్యోగమూ పోతే రేపు నలుగురిలో నాకెంత నామోషీ." అత్తగారు బఠాణీలు ఒలుస్తూ నిట్టూర్చింది. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుంది. అంతా బాగానే ఉందని. ఆ మాట ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఆయన చాలా సాయం చేస్తారు అనేది. అత్తగారు కూతుర్లా చూసుకుంటారు అనేది. బంధువుల ముందు, స్నేహితుల ముందు, అద్దం ముందు కూడా ఇల్లూ సూర్యుడూ వేసి, మనుషులకి చెవుల దాకా నవ్వులు దిద్ది పెట్టింది. ఎంత నేర్పుగా వేసిందంటే ఒక్కళ్ళూ అనుమానించలేదు. అడిగినవాళ్ళంతా సంతోషంగా వెళ్ళారు.

ఫోన్ మోగింది. అక్క. రెండు వారాలకోసారి చేస్తుంది, నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది.

"ఏం చేస్తున్నావే? అందరూ బాగున్నారా?"

భర్త టీవీ చూస్తున్నాడు. అత్తగారి ఒళ్ళో గిన్నె ఉంది. మామూలుగా అయితే ఆమె ఫోన్ పట్టుకుని వసారాలోకి వెళ్ళేది, గొంతు సవరించుకుని నవ్వేది. ఈసారి లేవలేదు. గొంతు తగ్గించలేదు.

"లేదక్కా, నేను బాగాలేను" అంది. "నీకు తీరికుంటే కూర్చో. మొదటినుంచీ చెప్తాను."