కత్తెర పడకముందు

మా కుట్టు దుకాణంలో నాదొక పద్ధతి. కొలతలు రాసుకున్నాక కూడా, "అంచు ఎక్కడిదాకా రావాలో మీ చేత్తో చూపించండి" అంటాను. నోటితో మోకాలన్నవాళ్ళ చెయ్యి పిక్క మీదికి పోతుంది. కత్తెర పడ్డాక గుడ్డ పెరగదు కదా! ఇంత తెలివి ఉన్నదాన్ని, నా కడుపు కోసే ముందు మాత్రం గంగిరెద్దులా తలాడించి వచ్చాను.

పిత్తాశయంలో రాళ్ళు, తీసేయాలన్నారు. వారం కిందట డాక్టరుగారు గడియారం చూసుకుంటూ ఏదో మందు పేరు చెప్పి, "అది రక్తం గడ్డకట్టకుండా వేసుకునేది. ఆపరేషన్‌కి ఐదు రోజుల ముందే ఆపేయండి. అర్థమైందా?" అన్నారు. అర్థమైందన్నాను. నేను రోజూ వేసుకునేవి రెండు మాత్రలు, బీపీకొకటి, గుండెకొకటి, రెండూ తెల్లటివే. ఇంటికొచ్చి ఆ మాత్రల షీట్లు మా ఆయన ముందు పెట్టాను.

"ఏదని అడగలేదా?"

"బయట అంతమంది ఉంటే ఎట్లా అడుగుతాను?"

"దుకాణంలో పులివి, ఆస్పత్రిలో పిల్లివి" అని నవ్వాడు. ఇద్దరం కలిసి ఆలోచించి ఒకటి ఆపాం.

ఈ పొద్దున ఆస్పత్రిలో అడిగారు, మాత్ర ఆపారా అని. ఆపానన్నాను. అబద్ధమేం కాదు. ఆపరేషన్ గది బయట స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక నర్సు నా చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి కనుబొమలు ముడిచింది.

"బీపీ ఇంతుందేంటమ్మా? మాత్ర వేసుకోవట్లేదా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంటే మేం ఆపింది బీపీ మాత్ర. ఆపాల్సినది నిన్న కూడా మింగాను. కోస్తే రక్తం ఆగదు.

"భయానికి అయ్యుంటుందండీ" అన్నాను. ఆమె నా భుజం తట్టి, అదే రాసుకుంది.

స్ట్రెచర్ కదిలింది. చెబితే డాక్టరుగారు అందరి ముందూ తిడతారు. చావు కన్నా ఆ తిట్లకే ఎక్కువ భయపడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గది లోపల చలి. పక్కన పళ్ళెంలో కత్తెర కనబడింది, నా కత్తెర కన్నా చిన్నది.

"ఆగండి!" అని అరిచాను. "తప్పు మాత్ర ఆపాను."

డాక్టరుగారు మాస్కు కిందికి లాగారు. "చెప్పాను కదమ్మా. అర్థమైందన్నారు కదా!"

"అన్నానండీ. కాలేదు. అడిగితే తిడతారని..."

ఆయన గ్లౌజులు విప్పేశారు. తర్వాత, ఇవాళ వద్దు, వారం ఆగుదామన్నారు.

నన్ను మళ్ళీ గదికి తెచ్చాక, వెనకే వచ్చిన డాక్టరుగారికి మా ఆయన రెండు షీట్లూ తీసి ఇచ్చాడు. డాక్టరుగారు ఒకదాని మీద అడ్డగీత కొట్టారు. "గీత ఉన్నది ఐదు రోజుల ముందు ఆపాలి. రెండోది మానొద్దు. ఆ రోజు ఖాళీ కడుపుతో రండి. అర్థమైందా?" అంటూనే తలుపు దాకా వెళ్ళారు.

నా తల దానంతటదే ఊగబోయింది. బలవంతాన ఆపుకున్నాను.

"అట్లా అడక్కండి డాక్టరుగారూ. నేనేం చేస్తానో నన్ను చెప్పమనండి."

"సరే, చెప్పండి."

"గీత ఉన్నది ఐదు రోజుల ముందు ఆపుతాను. రెండోది రోజూ వేసుకుంటాను. ఆపరేషన్ రోజు పొద్దున మాత్రం వేసుకోను, ఖాళీ కడుపన్నారుగా."

ఆయన వెనక్కి వచ్చారు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఇందాకటి నా భయం ఇప్పుడు ఆయన ముఖంలో ఉంది.

"ఆ పొద్దున కూడా వేసుకోవాలమ్మా, ఒక్క గుక్క నీళ్ళతో" అన్నారు. "అది నేను చెప్పనేలేదు."