గణపతిరావు పిండిమర

మా ఇంట్లో బల్బు ఆరేళ్ళుగా ఎర్రగానే వెలిగేది. కారణం పక్కింటి గణపతిరావు పిండిమర అని నా నమ్మకం. సాయంత్రం మర ఆడే వేళకి మా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టవచ్చు. మర తీసేయమన్నాను. తీయలేదు. ఆ ఇంటితో మాటలు మానేశాను. నా భార్య దేవమణిని కూడా మానమన్నాను.

అంతకు ముందు గణపతిరావు భార్య ఈశ్వరి, దేవమణి ఒకే చాటలో బియ్యం ఏరుకునేవాళ్ళు. మంచాన పడ్డాక దేవమణి ఒక్కటే అడిగింది.

"ఈశ్వరిని ఓపాలి రమ్మనవా?"

మర ఆగాక రమ్మంటానన్నాను. మర ఆగలేదు. కిందటి ఆగస్టులో దేవమణి పోయింది.

అప్పటి నుంచి ఫిర్యాదులు పెట్టడమే నా పని. తప్పు మరదేనని తేలాలి. తేలకపోతే నేను దేవమణి మాట కాదన్నది దేనికి?

మొన్న లైన్‌మన్ ఉపేంద్ర వచ్చాడు. మర ఆడే వేళకే రమ్మన్నాను. స్తంభమెక్కి మీటరు పెట్టి చూశాడు.

"రెండొందల పాతిక ఓల్టులున్నాది మావా. మర ఆడతన్నా తగ్గనేదు."

లోపలికొచ్చి ఫ్యాను, ఫ్రిజ్ వేయించి ప్లగ్గులో చూశాడు. నూట యాభై.

నిచ్చెన చూరుకి ఆనించి ఎక్కాడు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఇంటి వైరుతో కలిసే చోట చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క విప్పాడు. అల్యూమినియం తీగకి రాగి తీగ మెలిపెట్టిన అతుకు నల్లగా మాడి ఉంది.

"ఇదెవుడు కట్టినాడు? సేతులిరగ్గొట్టాల."

ఆరేళ్ళ కిందట తుఫానుకి వైరు తెగినప్పుడు కట్టిన అతుకు. మా ఊళ్ళో అందరూ అలాగే కట్టుకుంటారు.

"నానే," అన్నాను.

"పోన్లే మావా, ఇల్లు కాలనేదు. సాయంత్రం గణపతిరావోలు మర ఏస్తారు, నువ్వు ఫ్యానూ లైటూ ఏస్తావు. లోడు పడితే నీ అతుకే కరెంటు లాగేస్తంది. ఆల తప్పేటున్నాది?"

కొత్త క్లిప్పు బిగించి వెళ్ళాడు.

లైటు వేశాను. గది తెల్లబడింది. దేవమణి మంచం ఉండే మూల, గోడ మీద ఆమె తలనూనె మరక కనబడింది. అక్కడ మరక ఉన్నట్టే నాకు తెలియదు. దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

తర్వాత మర దగ్గరికి వెళ్ళాను. ఈశ్వరి వాకిట్లో పిండి జల్లిస్తోంది.

"తప్పు మరది కాదు, నాది. ఓపాలి ఇంటికి రా," అన్నాను.

ఆమె జల్లెడ ఆపలేదు.

"ఆయమ్మ దగ్గుతుంటే గోడవతల ఇనబడీది. గిన్నెలో జావ పట్టుకుని గోడ కాడే నిలబడీదాన్ని. ఇప్పుడెవులున్నారని రమ్మంతన్నావు అన్నా?"

మర చప్పుడుకి నాకు వినబడలేదనుకుని మళ్ళీ అడిగింది.