ఎన్ని వాట్లు కావాలె

హుస్నాబాద్ నుంచి కరీంనగర్ దాకా యాస్మీన్ ఆ కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకునే వచ్చింది. బస్సులో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి కండక్టర్ ఆమె చేతిలో జీరో టికెట్టు పెట్టి, డబ్బాకు మాత్రం లగేజీ కొట్టాడు. మనిషి కన్నా డబ్బాకే విలువ ఎక్కువన్నమాట. మామూలు రోజైతే ఆమె ఆ కండక్టర్‌ను అంత తేలిగ్గా వదిలేది కాదు. ఇవాళ ఆ డబ్బా నిండుతుంది, నిండితే ముకర్రం వస్తాడు. ఆ ధ్యాసలో ఉన్న మనిషికి లగేజీ టికెట్టు ఒక లెక్కా?

ముకర్రం ఆమె మొగుడు. సౌదీలోని దమ్మాంలో ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లయ్యాక నలభై రోజులున్నాడు. ఆ నలభై రోజుల్లో కొత్త పెళ్లికూతురికి మొగుడు ఏం నేర్పాలో అది నేర్పకుండా కారు రేసు ఆట నేర్పాడని చుట్టాలు నవ్వుకున్నారు. ఒకటే కీబోర్డు. కారును తిప్పే మీటలు ఆమెవి, బ్రేకు అతనిది. మలుపు దగ్గర అతను కావాలని బ్రేకు వేసేవాడు కాదు. కారు గోడకు గుద్దుకునేది, ఆమె అతని భుజం మీద గుద్దేది. సరిగ్గా ముప్పై ఎనిమిదో రోజున కంప్యూటర్లోంచి పొగ వచ్చింది. లోపల కరెంటు అందించే పవర్ సప్లయిదే ఆ పొగ, డబ్బాతోపాటు ఊరికే ఇచ్చిన పేరులేని సరుకు. తాను కాలింది కాక, బోర్డునూ, ఆట బొమ్మలను తెరకెక్కించే కార్డునూ వెంట తీసుకుపోయింది.

"కొత్తది నేనే తయారుచేస్త. ఒక్కొక్కటి పంపుత. డబ్బా నిండంగనే నేనొస్త" అని చెప్పి ముకర్రం విమానమెక్కాడు.

మాట తప్పలేదు, పంపాడు. దమ్మాం నుంచి చుట్టీ మీద ఇంటికొచ్చే ప్రతివాడూ తోటివాళ్ల ఇళ్లకు రెండేసి కిలోల సామాను మోసుకురావడం అక్కడ రివాజు. అలా బోర్డు తోటి పనివాడు బాలమల్లు బ్యాగులో కంబళి మడతల మధ్య వచ్చింది. కార్డు ఇంకొకరి పాలపొడి డబ్బాల నడుమ వచ్చింది. పవర్ సప్లయి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ చేతులెత్తేశారు. ఇటుకంత బరువు, విమానంలో కిలోల లెక్క. రెండేళ్లకు రావలసిన ముకర్రం కంపెనీ అడిగిందని ఇంకో ఏడాది ఆగాడు. ఈ రంజాన్‌కు రావడం ఖాయమన్నాడు. డబ్బాలో మిగిలిన ఆ ఒక్క ఖాళీ నింపుకోడానికే ఆమె ఇవాళ బస్సెక్కింది.

టవర్ సర్కిల్ వెనక సందులో కరుణాకర్ దుకాణం. చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకు తిరిగే మనిషి. డబ్బా మూత తీసి, లోపల టార్చి వేసి, వైద్యుడిలా తల ఊపాడు.

"మంచి సామాన్ పంపిండు మా బావ. ఇప్పుడున్నదానికి కావాల్నా చెల్లె, ముందు ముందు పెట్టేదానికి కావాల్నా?"

"రెండిట్ల ఫరక్ ఏమున్నదన్నా?"

"గీ కార్డు నూట ఎనబై వాట్లు తింటది. ప్రాసెసర్ తొంబై. ఫ్యాన్లు గీన్లు ఇంకో అరవై. మొత్తం మూడువందల ముప్పై. గంతకు గంతే కొంటే సప్లయి ఎప్పుడు ఉరుకుతనే ఉంటది, ఎండకాలం తట్టుకోదు. ఐదువందల యాబైది పెడ్తె సల్లగ నడుస్తది. గంతకన్న పెద్దది మీకు ఉత్తదే."

"పేరులేనిది మాత్రం వద్దు. పోయినసారి గట్లనే కాలింది."

ఆ లెక్క యాస్మీన్‌కు నచ్చింది. ఏది ఎంత తింటుందో ఇంత విడమరిచి ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతోషం పట్టలేక ముకర్రంకు వీడియో కాల్ చేసింది. శుక్రవారం, జుమ్మా నమాజు ముగించుకొని గదికి వచ్చి ఉంటాడు.

వాళ్లిద్దరూ తెలుగులోనే మాట్లాడుకుంటారు. అత్త ఖుద్సియాది ఆదిలాబాద్ అవతల మరాఠీ సరిహద్దు ఊరు. ఆమెకు ఉర్దూ, మరాఠీ తప్ప తెలుగు అంతంతమాత్రం. కొడుకూ కోడలూ ఇకిలిస్తూ ఏం మాట్లాడుకుంటున్నారో ఆమెకు అర్థం కాదు, అర్థం కాకపోవడమే వీళ్లకు కావాలి. తెల్లటోపీతో ముకర్రం తెర మీదికి వచ్చాడు. వెనక రెండంతస్తుల మంచాలు కనిపిస్తున్నాయి.

యాస్మీన్ లెక్కంతా ఒప్పజెప్పింది. అతను విని, "ఎనిమిదివందల యాబైది తీస్కో" అన్నాడు.

"గంతది అక్కరలేదంటున్నడు అన్న."

"ముందు ముందు పెద్ద కార్డు పెడ్దం. గప్పుడు ఇది సాలదు. మల్ల మార్సుడెందుకు?"

"ముందు ముందంటే ఎప్పుడు?"

"ఓ రెండేండ్లకు. నేనొచ్చేటప్పుడు తెస్త."

మాట జారాక గానీ అతనికి తెలియలేదు. యాస్మీన్‌కు ముందు అర్థం కాలేదు, తర్వాత మరీ ఎక్కువ అర్థమైంది.

"రంజాన్‌కు వస్తలేరా?"

పై మంచం మీద ఎవరో దగ్గారు.

"మల్ల రెండేండ్లకు సంతకం పెట్టిన యాస్మీన్. చుట్టీ అడిగితే నీ జాగల కొత్తోన్ని పెట్టుకుంటమన్నరు. నెల సంది చెప్దామనుకుంటున్న. నోరు వస్తలేదు."

నెల రోజులుగా రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. కూరేమిటని అడిగాడు, అమ్మ మోకాళ్ల నొప్పి అడిగాడు, డబ్బాలో ఇంకేం తక్కువుందని అడిగాడు. ఆ ఒక్కటి మింగి ఊరుకున్నాడు. యాస్మీన్‌కు ఒళ్లు మండింది. మంట కిందనే, దాన్ని ఆర్పేసేంత బెంగ ఉంది.

ఆమె కరుణాకర్ వైపు తిరిగి, "ఐదువందల యాబైదే ఇయ్యి అన్నా" అంది.

"యాస్మీన్, రెండేండ్లకు అది పనికి రాదు" అన్నాడు ముకర్రం.

"రెండేండ్లకు నేను కొంటలేను. ఇయ్యాల్టికి కొంటున్న."

"సరే, తీస్కో. ఇంటికి పోయి ఆడు. నేను ఫోన్ల సూస్త."

"మీరు సూసుడు నాకొద్దు" అంది యాస్మీన్. గొంతు తగ్గించలేదు. దుకాణంలో తెలుగు రానివాళ్లెవరూ లేరని తెలుసు, అయినా తగ్గించలేదు. "మూడేండ్ల సంది సూసుడే ఉన్నది. నా పక్కకు కూసునే మనిషి కావాలె నాకు. మీ చెయ్యి నా చెయ్యికి తాకాలె."

కరుణాకర్ చటుక్కున అటు తిరిగి, వెతకనవసరం లేని డబ్బాను అరలో వెతకసాగాడు.

ముకర్రం తల వంచుకున్నాడు, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. టోపీ ఒళ్లోకి జారింది. తెర నిండా అతని నడినెత్తి. అక్కడ అరచేతి వెడల్పున జుట్టు లేదు, బల్బు వెలుగుకు చర్మం మెరుస్తోంది. రోజూ చూసే మొహమే, ఎదురుగా చూస్తే ఆ ఖాళీ ఎన్నడూ కనపడలేదు. యాస్మీన్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి నెత్తి ఎప్పుడు పలచబడిందో, ఏ నెలలో మొదలైందో పెళ్లానికి తెలియదు.

"బిగియ్యాల్నా చెల్లె?" అని కరుణాకర్ మెల్లగా అడిగాడు.

తెర మీంచి చూపు తిప్పకుండానే, జర ఆగుమన్నట్టు ఆమె చెయ్యి చూపించింది.